నిమిషానికి ఎనిమిది వందల చుట్లు

జూన్ 4

ఒరేయ్ పిచ్చుకా,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని విసుక్కోకు. కంప్యూటర్ లెక్కలు ఫోన్లో చెబితే నా బుర్రకి ఎక్కవు. కాగితం మీదైతే స్టీరింగ్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చూసి చేసుకుంటాను. నువ్వు కూడా రాసే పంపు, ఫోన్ మాత్రం చెయ్యకు.

సంగతేమిటంటే, పోయిన నెల నా వ్యాన్ వెనక కొత్త ఫ్రిజ్ పెట్టించారు మందుల డిపో వాళ్లు. టీకా మందులకి ఇక ఐసు పెట్టెలు పనికిరావట. ఇంజిన్ తిరుగుతున్నంత సేపే ఆ ఫ్రిజ్ తిరుగుతుంది. రోజూ పదకొండు ఆసుపత్రులు. ఒక్కో చోట బండి తలుపులు వేసి, ఇంజిన్ అలాగే వదిలి, లోపలికెళ్లి మందులిచ్చి సంతకం పెట్టించుకుని రావాలి. వచ్చేసరికి ఇంజిన్ ఆగిపోయి ఉంటోంది. దారిలో బాగానే ఉంటుంది. కాలు తీసి నిలబెట్టాక ఫ్రిజ్ మోటర్ అందుకుంటుంది చూడు, అప్పుడు ఇంజిన్ గుటక మింగినట్టు ఒక్కసారి కిందికి దిగి ఠక్కున ఆగిపోతుంది.

ఆగిన ప్రతిసారీ ఫ్రిజ్‌లో ఉన్న మిషను చార్టు మీద ఒక గంటు పెడుతుంది. సాయంత్రం ఆ చార్టు డిపో ఇన్‌చార్జి చేతికిచ్చి రావాలి. నిన్న ఆరు గంట్లు. మనిషి మంచివాడేగానీ నియమమంటే నియమం. "అమ్మా, జులై మొదటి వారం దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే మీ రూటు ఇంకో బండికి ఇవ్వక తప్పదు" అన్నాడు. పంతొమ్మిదేళ్ల రూటురా అది. ఏ ఆసుపత్రి మెట్టు ఎంత ఎత్తో నా మోకాళ్లకి తెలుసు. అది పోతే పొద్దున్నే లేచి నేను ఎక్కడికి వెళ్లాలి?

డిపో మెకానిక్‌ని అడిగితే, రెండేళ్ల క్రితం నువ్వు ఇంజిన్‌కి బిగించిన కంప్యూటర్ డబ్బా చూసి చేతులెత్తేశాడు. పెట్టినవాణ్నే అడగమన్నాడు. నువ్వు ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లోంచి మొన్నటి రికార్డు అంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇందులో పెట్టాను.

మరదల్ని బరువులు ఎత్తనివ్వకు. నీళ్ల బిందెలు నువ్వే మొయ్యి, అరిగిపోవు.

నీ అక్క

*

జూన్ 11

అక్కకి,

పెన్‌డ్రైవ్ అందింది. రికార్డు చూశాను. నీ బండి గురించి నువ్వు చెప్పినవన్నీ నిజమే.

కాలు తీసేశాక ఇంజిన్ తనంతట తాను తిరుగుతూ ఉండటానికి కంప్యూటర్ చేతిలో రెండే ఉన్నాయి. ఒకటి గాలి వాల్వు. దానికి బలం ఎక్కువ, కానీ మందకొడి. రెండోది స్పార్క్ టైమింగ్. అది చురుకు, కానీ దాని బలం కొంచెమే. ఫ్రిజ్ మోటర్ బరువు హఠాత్తుగా మీద పడితే వాల్వు తెరుచుకునేలోపే ఇంజిన్ ఆగిపోతోంది. కింద రాసినవి మార్చు.

అలా తిరిగే వేగం, అంటే ఐడ్లింగ్, ఏడు వందల దగ్గరుంది. నిమిషానికి ఎనిమిది వందల చుట్లు పెట్టు. స్పార్క్ పద్దెనిమిది డిగ్రీల దగ్గరుంది, ఇక పైకి జరగడానికి దానికి చోటు లేదు. పదికి దించు, అవసరమైనప్పుడు పైకి లాగడానికి కొంత చేతిలో ఉంటుంది. ఫ్రిజ్ స్విచ్చి నుంచి పచ్చ వైరు ఒకటి తెచ్చి డబ్బాలో ఖాళీగా ఉన్న మూడో పిన్నుకి కలపమని డిపో మెకానిక్‌కి చెప్పు. అప్పుడు మోటర్ అందుకోవడానికి అర సెకను ముందే కంప్యూటర్‌కి కబురు తెలిసి వాల్వు తెరుస్తుంది.

ల్యాప్‌టాప్‌లో వాల్వు దిద్దుబాటు అని ఒక గడి ఉంటుంది. అందులో పద్నాలుగు ఉంది. దాన్ని ముట్టుకోకు. పెంచితే వాల్వు తొందరపడి ఎక్కువ తెరిచి, ఎక్కువ మూసి, ఇంజిన్ పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. వినడానికి అసహ్యంగా ఉంటుంది.

ఇంజిన్ కింద రబ్బరు దిమ్మలు కూడా అరిగిపోయి ఉంటాయి. కొత్తవి వేయించు.

ఇక్కడ వర్క్‌షాపులో పని ఎక్కువగా ఉంది.

తమ్ముడు

*

జూన్ 20

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివితే కరెంటాఫీసు వాళ్లు పంపిన నోటీసులా ఉంది. అక్కకి రాస్తున్నావా, గోడకి రాస్తున్నావా? మరదలి గురించి ఒక్క ముక్క లేదు. పని ఎక్కువగా ఉందట. పని లేనిదెవరికి నాయనా.

సరే, చెప్పినవన్నీ చేశాను. ఒక్కో అంకె మార్చే ముందు మూడేసి సార్లు చూసుకున్నాను. పచ్చ వైరు పెట్టించాను, దిమ్మలు మార్పించాను. డిపో మెకానిక్ బానెట్ మీద నిండుగా నీళ్లగ్లాసు పెట్టి చూశాడు. ఫ్రిజ్ మోటర్ అందుకున్నా నీళ్లు తొణకలేదు. "మీ తమ్ముడి చెయ్యి గట్టిదమ్మా" అన్నాడు. నాకు ఎంత గర్వమేసిందో నీకు చెప్పను, నెత్తికెక్కుతావు.

ఆ మురిపెం ఒక్కపూటే. మర్నాటి నుంచీ మళ్లీ మొదలు. ఆసుపత్రి లోంచి వచ్చి కూర్చునేసరికి ఆగిపోయి ఉంటోంది. నిన్న ఏడుసార్లు తాళం తిప్పి మళ్లీ స్టార్టు చేశాను. చార్టు మీద ఏడు గంట్లు. సిగ్నల్ దగ్గర కూడా రెండుసార్లు ఆగింది, వెనకవాళ్లు చేతులు ఊపుతూ మీదికొచ్చారు. ఇన్‌చార్జి చార్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఈ వారం రికార్డు పంపుతున్నాను. ఎక్కడ తప్పిందో చూడు నాయనా, ఇక పది పన్నెండు రోజులే ఉన్నాయి.

కింద టైలరమ్మ నా రేడియో గోల భరించలేకపోతున్నానని మెట్లెక్కి వచ్చి మరీ చెప్పింది. తను మాత్రం మిషన్‌కి ఏం నూనె పోసిందో, ఈమధ్య దాని చప్పుడే లేదు. ఆవిడ చేతే రెండు చిన్న చొక్కాలు కుట్టించి విడిగా పార్సెల్‌లో పంపాను. మెత్తటి గుడ్డ, గుండీలు లేవు, ముళ్లు వేసుకునే తాళ్లే. సంక్రాంతికి మీరొచ్చి చెప్పిన లెక్కన మరదలికి ఇది ఏడో నెల కదా. కాళ్లు వాస్తున్నాయా? నడవమను.

నీ అక్క

*

జూన్ 25

అక్కా,

ముందు బండి సంగతి చెప్తాను, ఎందుకంటే అదొక్కటే తిన్నగా చెప్పగలను.

వారం రోజుల రికార్డు మొదటి నుంచీ చివరిదాకా చూశాను. నీ ఇంజిన్ తనంతట తాను ఒక్కసారి కూడా ఆగలేదు. ఎనిమిది వందల దగ్గర గీత గీసినట్టు ఉంది. ఫ్రిజ్ మోటర్ అందుకున్నప్పుడు ముప్ఫై చుట్లు దిగి, సెకను తిరిగేలోపు మళ్లీ పైకొచ్చింది. నేను ఇంత బాగా ఏ ఇంజిన్నీ పెట్టలేదు. అది ఆగినప్పుడల్లా ఎవరో తాళం తిప్పి ఆపారు. ఆపిన నాలుగైదు సెకన్లకి మళ్లీ స్టార్టు చేశారు. నిన్న ఏడుసార్లని రాశావు, రికార్డులోనూ ఏడే. బండిలో నువ్వు తప్ప ఎవరూ ఉండరు. బాగా తిరుగుతున్న ఇంజిన్‌ని నువ్వే ఆపి, ఆగిపోయిందని నాకు రాస్తున్నావు. ఎందుకు?

నన్ను రప్పించుకోవడానికా? రమ్మంటే రానా? అందుకు రూటు పోగొట్టుకుంటావా?

ఇక పార్సెల్. మీ మరదలే విప్పింది. నేను వర్క్‌షాపు నుంచి వచ్చేసరికి ఆ రెండు చొక్కాలూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నీకు తెలియకనా అక్కా ఇలా చేశావు? ఫిబ్రవరిలో ఆసుపత్రి వరండాలోంచి మొట్టమొదట నీకే ఫోన్ చేశాను. కడుపు నిలవలేదని, బిడ్డ పోయిందని చెప్పాను. ఏడుస్తూ రెండుసార్లు చెప్పాను. నువ్వేమన్నావో గుర్తుందా? "మంచిదిరా, చాలా సంతోషం. ఆరోగ్యం జాగ్రత్త" అన్నావు. నవ్వుతూ పెట్టేశావు.

నాలుగు నెలలుగా ఆ మాట నా చెవిలోనే ఉంది. అక్క అలా ఎందుకంటుంది, తప్పు నాదేనేమోనని నన్ను నేనే తిట్టుకున్నాను. నాకు గోరుముద్దలు పెట్టి, సైకిలు నేర్పి, స్కూలు దాకా వెనక పరిగెత్తిన మనిషివి. అక్క అలా ఎందుకందని మీ మరదలు అడిగితే, నీకు సిగ్నల్ సరిగ్గా లేదని అబద్ధం చెప్పాను. ఇప్పుడు ఏడో నెల అంటున్నావు. నీకేమైందో నాకు తెలియడం లేదు. కోపంగా ఉంది, భయంగా కూడా ఉంది.

జవాబు రాయి. బండి గురించి కాదు.

తమ్ముడు

*

జూన్ 28

నాన్నా,

నీ ఉత్తరం మూడో ఆసుపత్రి ముందు బండిలో కూర్చుని చదివాను. ఆ తర్వాత ఎనిమిది చోట్లా మందులు ఎలా ఇచ్చానో నాకే తెలియదు. నర్సమ్మ ఒకావిడ కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

బిడ్డ పోయిందని నాకు తెలియదురా. నువ్వు చెప్పావు, నాకు వినబడలేదు.

రెండేళ్లవుతోంది. మొదట కుడిచెవి పోయింది. ఎడమది కూడా కొంచెం కొంచెంగా వదిలేస్తోంది. ఎదురుగా ఉన్నవాళ్ల పెదాలు చూసి సర్దుకుంటున్నాను, ఎవరికీ తెలియదు. ఫోన్లోనే కుదరదు. గొణుగుడు తప్ప ఏమీ రాదు. అందుకని ఒక మాట తయారు చేసి పెట్టుకున్నాను. ఎవరు ఫోన్ చేసినా వాళ్ల గొణుగుడు ఆగేదాకా ఉండి, "మంచిదిరా, చాలా సంతోషం, ఆరోగ్యం జాగ్రత్త" అని పెట్టేస్తాను. నాకు ఫోన్ చేసేవాళ్లంతా బాగున్నామని చెప్పడానికే చేస్తారనుకున్నాను. ఎంత పొగరు చూడు. ఆ రోజు నువ్వు చాలా సేపు మాట్లాడావు. మరదలు ముచ్చట్లు చెబుతున్నావనుకుని నవ్వాను. నువ్వు ఏడుస్తున్నావని తెలియదు.

ఉత్తరాలు రాయమన్నదీ అందుకే. లెక్కలు బుర్రకెక్కవన్నది అబద్ధం.

నీకు చెప్పకపోవడానికి కారణం చెబితే నవ్వుతావేమో. మన రిపేరు షెడ్డులో చెవి అంటే నాది. నాన్న నట్లు విప్పే ముందు నన్ను పిలిచి, "ఏ సిలిండరో చెప్పవే" అనేవాడు. నీకు ఇంజిన్ వినడం నేర్పింది నేను. ఊళ్లో ఏ బస్సు మలుపు తిరిగినా ఇంట్లో కూర్చుని చెప్పేదాన్ని. అలాంటి దాన్ని, చెవులు పోయాయిరా తమ్ముడూ అని నీకెలా రాయను?

బండి సంగతి నువ్వే చెప్పావు. నేను ఆపుతున్నాను. నువ్వు మార్చాక అది ఎంత మెత్తగా తిరుగుతోందంటే, సీట్లో కూర్చుంటే నాకు తిరుగుతున్నట్టే లేదు. ఇదివరకు దిమ్మలు అరిగిపోయి స్టీరింగ్ అదిరేది, ఆ అదురుతోనే నెట్టుకొచ్చాను. ఇప్పుడు అదీ లేదు. ఆగిపోయిందనుకుని తాళం వెనక్కి తిప్పి, మళ్లీ స్టార్టు చేస్తున్నాను. బాగుచేసి నా చేతుల్లోంచి తీసేసుకున్నావు.

ఇంజిన్ ఆగితే ఎర్రలైటు వెలుగుతుంది కదా అంటావు. ఆ బల్బు పోయి ఆరేళ్లయింది. నాకు లైటెందుకు, చెవులున్నాయి కదా అని మార్చలేదు. పెద్ద స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి పెట్టుకుంటే ఇప్పటికీ తెలుస్తుంది. కానీ పదకొండు ఆసుపత్రుల ముందు బానెట్ ఎత్తి ఆ భాగోతం చెయ్యలేను కదా.

మరదలికి ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చింపేశాను. చొక్కాలు వెనక్కి పంపెయ్యమను. లేకపోతే తన ఇష్టం. నా వల్ల తనకి మళ్లీ గుచ్చుకుంది. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను.

అక్క

*

జులై 1

అక్కా,

నీ ఉత్తరం మీ మరదలికి చదివి వినిపించాను. సగంలో నావల్ల కాకపోతే తనే తీసుకుని మిగతాది చదివింది. నాలుగు నెలలుగా మా ఇంట్లో ఉన్న బరువొకటి దిగింది. నేను కూడా ఒక్కసారి బస్సెక్కి వచ్చి ముఖం చూసి అడిగి ఉండాల్సింది. అలిగి కూర్చున్నాను, వెధవని.

ఇప్పుడు చెప్పేది విను, అంటే చదువు. వాల్వు దిద్దుబాటు గడిని ముట్టుకోవద్దన్నాను కదా. ముట్టుకో. పద్నాలుగు తీసేసి ముప్ఫై ఒకటి పెట్టు. ఐడ్లింగ్ ఎనిమిది వందల డెబ్భై ఐదు చెయ్యి. మిగతావి అలాగే ఉంచు. ఇంజిన్ ఎనిమిది వందలకీ తొమ్మిది వందల యాభైకీ మధ్య రెండు సెకన్లకోసారి ఊగుతుంది. నీ బండిలాంటి ఇంజిన్నే ఇక్కడ బల్ల మీద ఎక్కించి, నీ ఫ్రిజ్ అంత బరువు తగిలించి ఒక రాత్రంతా నడిపాను. ఊగుతుందేగానీ ఆగదు. స్టీరింగ్ మీద అరచెయ్యి పెట్టుకుని చూశాను, కొత్త దిమ్మల మీద కూడా ఆ ఊపు చేతికి తెలుస్తోంది. చేతికి ఊపు తగలకపోతే ఆగినట్టు.

మా ఫోర్‌మెన్ వచ్చి విని చెవులు మూసుకున్నాడు. "ఏ శత్రువు కోసంరా ఇది?" అన్నాడు. మా అక్క కోసమన్నాను. పదహారేళ్లుగా ఊగే ఇంజిన్లని నిలబెట్టి బతుకుతున్నవాణ్ని, నిలబడ్డదాన్ని ఊగేలా చెయ్యడం ఇదే మొదలు.

ఎర్రలైటు బల్బు రెండు పంపుతున్నాను. ఒకటి ఇవాళే వెయ్యి. నీ చెవుల గురించి ఇన్‌చార్జికి నువ్వే చెప్పు. దాచి నడిపితే రూటు కంటే పెద్దది పోతుంది. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లు. వెళ్లానని కాదు, ఏమన్నాడో రాయి.

కింద మీ మరదలు ఏదో రాస్తానంటోంది.

నీ పిచ్చుక

వదినా, మీకు తెలిసి కూడా అలా అన్నారని నేను ఎప్పుడూ అనుకోలేదు. మీ తమ్ముడు సిగ్నల్ లేదన్నప్పుడే అది అబద్ధమనీ, వేరే కారణమేదో ఉందనీ తెలిసింది, ఈయనకి అబద్ధం ఆడటం రాదు. చొక్కాలు వెనక్కి పంపను. మా బిడ్డ కోసం ఎవరైనా ఒక వస్తువు చేయించారంటే అవే. అందరూ అసలేమీ జరగనట్టు మాట్లాడుతుంటే, ఏడో నెల అని లెక్కపెట్టింది మీరొక్కరే. రోజూ నేనూ లెక్కపెడుతున్నాను.

*

జులై 9

పిచ్చుకకీ, మా మరదలికీ,

ముప్ఫై ఒకటి పెట్టాను. స్టార్టు చేసి స్టీరింగ్ మీద చెయ్యి వేశానో లేదో, అరచేతిలో ఊపు తెలిసింది. పైకీ, కిందికీ, మళ్లీ పైకీ. బండి దిగబుద్ధి కాలేదు.

ఇన్‌చార్జికి చెప్పాను. గుమ్మం దగ్గర నిలబడి, చెప్పింది చెప్పినట్టు, ఏమీ మిగల్చకుండా. ఆయన, "రెండేళ్ల నుంచి నేను చెప్పినవన్నీ ఏం చేశారమ్మా?" అన్నాడు. మీ పెదాలు చూసి విన్నానన్నాను. "మరి మీసాలు తీసేయమంటారా?" అన్నాడు. నవ్వాడుగానీ వదల్లేదు. నా పక్క సీట్లో కూర్చుని, నన్ను రోడ్డు వైపు చూడమని, నాకు కనబడకుండా తాళం తిప్పాడు. ఆ ఎర్రలైటు మీద అట్టముక్క పెట్టి మరీ. నాలుగుసార్లు ఆపాడు. నాలుగుసార్లూ ఆయన చెయ్యి వెనక్కి తీసేలోపే "ఆగింది" అన్నాను. ఒకసారి ఆపకుండానే ఆపినట్టు నటించాడు. తిరుగుతోందన్నాను. డాక్టరు కాగితం తెచ్చి ఫైల్లో పెట్టమన్నాడు, మూడు నెలలకోసారి కొత్తది. రూటు నాదే. ఈ వారం చార్టు నున్నగా ఉంది, ఒక్క గంటు లేదు.

చెవుల డాక్టరు కుడిదాన్ని వదిలెయ్యమన్నాడు. ఎడమదానికి మిషను పెట్టాడు. లోకమంతా రేకుడబ్బాలో పోసి ఊపినట్టుంది. టైలరమ్మ మిషన్ మాత్రం నూనె లేక ఎప్పట్లాగే మొత్తుకుంటోంది పాపం, దాన్ని అన్యాయంగా మెచ్చుకున్నాను. నీ ఐడ్లింగ్ కూడా విన్నాను. ఛీ, ఎంత వికారంగా ఉందిరా. నాన్న విని ఉంటే మనిద్దర్నీ షెడ్డు బయట నిలబెట్టేవాడు. అయినా మార్చకు. చెవి మిషను బ్యాటరీ అయిపోవచ్చు, అరచెయ్యి అయిపోదు.

మిషను పెట్టుకున్నా ఫోన్ మాత్రం కుదరడం లేదు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే అంతా తెలుస్తోంది. అందుకని మీరిద్దరూ రండి. ఈ ఆదివారం కాకపోతే పై ఆదివారం. మరదలా, నువ్వు నా ఎదురుగా కూర్చుని, ఆ రోజు పొద్దుట నుంచీ ఏం జరిగిందో మొత్తం చెప్పు. నీకు ఎక్కడ నొప్పి పుట్టిందో, నీ పక్కన ఎవరున్నారో, డాక్టరు ఏమందో, బిడ్డని నీకు చూపించారా, ఇంటికొచ్చాక నువ్వు ఏం చేశావో. ఎంత సేపైనా సరే. వీడు మధ్యలో మాట్లాడితే ఊరుకోను. నువ్వు ఆపేదాకా నేను మాట్లాడను. ఆ తర్వాత, తయారుగా పెట్టుకున్న మాట కాకుండా, నాకు ఏం తోస్తే అది అంటాను.

మీ అక్క, వదిన